కప్పడమూ కప్పిపుచ్చడమూ

మళ్ళీ లాగేశారా దుప్పటి? పొద్దుట్నుంచి ఇది మూడోసారి, టీచరమ్మగారూ! నేను కప్పడం, మీరు ఆ ఒక్క చేత్తో పీకి కాళ్ళ కిందకి తొయ్యడం. ఒంట్లో కదిలేదల్లా ఆ ఎడమ చెయ్యే. దానికింత పౌరుషమా?

ఉండండి, నీళ్ళు చూస్తాను. ఆఁ, గోరువెచ్చగానే ఉన్నాయి. మొహం తుడుస్తాను, కళ్ళు మూసుకోండి. మూసుకోరా? సరే, అలాగే చూస్తూ ఉండండి. పన్నెండు రోజుల్నుంచి అదే చూపు కదా. అలవాటైపోయింది లెండి.

లేదు. అలవాటవలేదు. అబద్ధమెందుకు.

ఆ కమ్మీ వైపు చూడకండి. ఒళ్ళు తుడవాలంటే మంచం పక్క కమ్మీ దించక తప్పదు కదా? నేను ఆనుకునే నిలబడ్డాను, ఎటూ దొర్లరు. అవగానే పైకెత్తేస్తాను, టక్‌మని చప్పుడయ్యేదాకా. ఈమధ్య ఎత్తాక కూడా రెండుసార్లు లాగి చూస్తున్నాను. పక్క మంచం ముసలావిడకి చెవుడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈ టక్కుటక్కులకి నన్ను తిట్టిపోసేది.

ఛీ, ఏం భాషండీ అది! మనుషులు మాట్లాడుకునే భాషేనా? నా నోట్లోంచి ఊడిపడినవి రెండే రెండు ముక్కలు. పాలు తాగే పిల్ల కూడా పలికేవి. అవి తలుచుకుంటే నాలుక మీద పాచి పట్టినట్టుంటోంది. ఎన్నిసార్లు పుక్కిలించినా పోదు.

ఈ చేతులు చూడండి. పదకొండేళ్ళుగా ఈ ముసలివాళ్ళ హోమ్‌లో ఎన్ని డయపర్లు మార్చాయి, ఎన్ని వాంతులు ఎత్తాయి, ఎన్ని పుండ్లు కడిగాయి! చీము చూసి కూడా ఏనాడూ మొహం తిప్పుకోలేదు నేను. ఒళ్ళన్నాక ఉంటాయి, అందులో రోతేముంది? కానీ ఆ మాటుందే, "కవర్ అప్"... అది చెవిన పడితే చాలు, మొహం తిప్పేసుకుంటున్నాను.

చెయ్యెత్తండి, చంక తుడవాలి. ఆఁ, అలా.

అసలు మీకెవరూ చెప్పలేదు కదా? జరిగిందంతా మీ గురించే, మీకు తప్ప అందరికీ తెలుసు. మాట పోయింది కాబట్టి చెవులు కూడా పోయాయనుకుంటారు వీళ్ళు. మీ మంచం మీదుగానే మాట్లాడుకుంటారు గానీ, మీతో మాట్లాడరు.

ఇదిగో, ఏప్రన్ జేబులో కాగితం. ఆఫీసరు ముందు నేను చెప్పిన సాక్ష్యమంతా టైపు చేసిచ్చారు. పదకొండు గంటలకి మేనేజరమ్మ గదిలో, ఆ టై కట్టుకున్న ఆఫీసరు ముందు, కింద గీత మీద నేను సంతకం పెట్టాలి. పెట్టానా, దుప్పట్లక్క పని అయిపోయినట్టే. ఈ హోమ్‌లో ఒక్కటే కాదు, ఇంకే హోమ్‌లోనూ, ఏ ఆసుపత్రిలోనూ గుమ్మం ఎక్కనివ్వరట. పేరు ఏదో జాబితాలోకి పోతుందట.

అవునండీ. మన దుప్పట్లక్కే. ఏంటా చెయ్యి అలా కొట్టుకుంటోంది? నెమ్మదిగా ఉండండి, నీళ్ళ గిన్నె తన్నేస్తారు.

ఆ పేరుకి మీరే కదా నవ్వేవారు. ఎండలు మండిపోతున్నా భుజం మీద దుప్పటి మడత ఉండాల్సిందే. నడవాలో నడుస్తూ నడుస్తూ ఎవరి పాదాలు బయటికి కనబడినా ఆగిపోతుంది. కప్పి, అంచులు పరుపు కిందకి దోపి, అరిచేత్తో ఒకసారి చదును చేసి, అప్పుడుగానీ ముందుకి కదలదు. "చలి ముందు పాదాల్లోంచే ఎక్కుతుందే పిల్లా" అంటుంది నాతో. నాకు నలభై ఆరు. ఆవిడ లెక్కలో ఇంకా పిల్లనే!

నేను ఈ హోమ్‌కి వచ్చిన కొత్తలో ఎవరైనా గట్టిగా పిలిస్తే స్టోరు గదిలో దూరిపోయేదాన్ని. అంత బెదురు. ఆవిడే చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, దుప్పటి మడతపెట్టడం దగ్గర్నుంచి మనిషిని పక్కకి తిప్పడం దాకా అన్నీ నేర్పింది. రోజూ రాయాల్సిన రిపోర్టులో నా వంతు కూడా ఆవిడే రాసిపెట్టేది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషూ మూడే లైన్లు లెండి: తిన్నారు, పడుకున్నారు, ఏ ఇబ్బందీ లేదు. ఒకసారి చనిపోయిన తాతగారి పేజీలో కూడా అవే మూడూ రాసేసింది. మేనేజరమ్మ తల పట్టుకుంది.

అదిగో, నవ్వొచ్చింది కదా మీకు? పెదవి ఇటు పక్కకి కదిలింది, నేను చూశాను.

నవ్వకండి. తప్పులో మీ వంతూ ఉంది. ఏమనుకోకండి, ఇవాళ అన్నీ చెప్పేస్తాను, నాకూ మోసి మోసి విసుగొచ్చింది.

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని నేను. "ఇంకొకరి చేత ఎన్నాళ్ళు రాయించుకుంటావ్, రా, కూర్చో" అన్నది మీరా, కాదా? మధ్యాహ్నం భోజనాలయ్యాక, రెండింటికి డ్యూటీ మారే గంట కొట్టేలోపు, అరగంట పాఠం. ఈ మంచం అంచునే కూర్చునేదాన్ని, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని.

మొదటి రోజే ఏమన్నారు? "ఇంగ్లీషులో పెద్ద మాటలకి భయపడకమ్మా, చిన్న మాటలకి భయపడు" అన్నారు. గెట్, పుట్, టేక్, ఇవన్నీ చూడ్డానికి ఏమీ తెలీని అమాయకుల్లా ఉంటాయి, వెనక ఒక తోక తగిలించగానే రూపం మార్చేస్తాయి అన్నారు. మనిద్దరం వాటికి తోకమాటలని పేరు పెట్టుకున్నాం. రోజుకో తోకమాట. గెట్ అప్, లే. సిట్ అప్, లేచి కూర్చో. స్టాండ్ అప్, నిలబడు. ఓస్, ఇంతేనా అనుకున్నాను. అప్ అంటే పైకి. పైకి లేవడమే కదా అన్నీ!

ఆ తర్వాత మీరు ఈట్ అప్ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "తినేది కిందకి పోతుంది కదండీ, పైకి ఎలా వస్తుంది? పైకొస్తే అది వాంతి" అన్నాను. మీరు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. నేను వీపు రుద్దాను. గుర్తుందా?

గుర్తుంది. కళ్ళు చెప్తున్నాయి.

అప్పుడు మీరు చెప్పిన మాట నాకు పటికబెల్లం ముక్కలా నాలుక మీద నిలిచిపోయింది. "మనం తిను అంటాం, తినేయ్ అంటాం. తాగు అంటాం, తాగేయ్ అంటాం. ఆ ఏయ్‌లో పని పూర్తిచెయ్యడం ఉంది చూశావా? వాళ్ళ అప్ కూడా ఒక్కోచోట మన ఏయ్ లాంటిదే" అన్నారు. ఈట్ అప్, తినేయ్. డ్రింక్ అప్, తాగేయ్. క్లీన్ అప్, తుడిచేయ్. ఎంత తేలికైపోయిందండీ! ఐదో తరగతి బల్ల మీంచి లేచి ఒక్కసారిగా పెద్ద బళ్ళోకి వెళ్ళి కూర్చున్నట్టనిపించింది.

అంతలో గంట కొట్టారు. నేను పుస్తకం మూసి లేస్తుంటే మీరు వెనక నుంచి, "కొన్నిటికి తేలు తోకలుంటాయమ్మా, కుడతాయి. అవి రేపు చెప్తాను" అన్నారు.

రేపన్నారు. ఏదీ ఆ రేపు?

నేను నడవాలో తినేయ్ ఈట్ అప్, తుడిచేయ్ క్లీన్ అప్ అని గొణుక్కుంటూ, నా అంత చదువుకున్నది లేదన్నట్టు గేటు దాటి వెళ్ళిపోయాను. పది నిమిషాల తర్వాత దుప్పట్లక్క డ్యూటీ ఎక్కి ఈ గదిలోకి వచ్చేసరికి మీరు నేల మీదున్నారు. పడ్డందుకు మాట పోయిందో, మాట పోయేటప్పుడే పడ్డారో డాక్టరుకి కూడా తెలీదట. ఊడ్చే ఆవిడని కేకేసి, ఇద్దరూ కలిసి మిమ్మల్ని మంచం మీదకి చేర్చారు. దుప్పట్లక్క మిమ్మల్ని పాదాల దగ్గర్నుంచి మెడ దాకా కప్పి, నర్సమ్మ కోసం పరిగెత్తింది.

ఇటు తిరగండి. నెమ్మదిగా. ఇదిగో, ఈ తుంటి మీద దెబ్బ. అప్పుడు వంకాయ రంగులో ఉండేది, ఇప్పుడు పసుపుకి తిరిగింది. నొప్పిగా ఉందా? సరే, ఇక్కడ ముట్టుకోను.

ఈ దెబ్బ మీ చెల్లెలుగారు ఆదివారం వచ్చినప్పుడు చూశారు. చూసి మంచాలన్నీ అదిరిపోయేలా అరిచారు. అరవరూ మరి? తోడబుట్టింది. "మా అక్క ఎలా పడింది? మంచానికి కమ్మీలు ఎందుకు పెట్టారు?" అని పైవాళ్ళకి కాగితం పెట్టారు. దాంతో టై ఆయన దిగాడు.

ఆ గది మీరు చూడలేదు. బల్ల మీద ఆకుపచ్చ రంగు ఫైలు, గాజు గ్లాసులో నీళ్ళు, ప్లేటులో బిస్కెట్లు. టై ఆయన బిస్కెట్టు నవుల్తూనే మాట్లాడతాడు. పొడి రాలి ఫైలు మీద పడుతుంది, చిటికెన వేలితో అద్దుకుని మళ్ళీ నోట్లో పెట్టుకుంటాడు. థూ. మనం ఇక్కడ చేతులు రుద్ది రుద్ది కడుగుతాం, ఆయన ఒకరి అన్నం తీసేసే కాగితాల మీద పొడి నాకుతాడు.

మేనేజరమ్మ పక్కనే కూర్చుంది, పుదీనా బిళ్ళ చప్పరిస్తూ. "భయం లేదు, నీ భాషలో చెప్పు, నేను ఆయనకి చెప్తాను" అంది. ఆ మాట అనడమైతే అంది, పాపం! అప్పుడు నేను నా భాషలో చెప్పుంటే ఈపాటికి దుప్పట్లక్క ఈ నడవాలోనే తిరుగుతూ ఉండేది.

కానీ నాకు పొగరెక్కింది, టీచరమ్మగారూ. జన్మలో మొదటిసారి. నలుగురి ముందు పేరు చెప్పడానికి కూడా నసిగేదాన్ని, ఆ రోజు మాత్రం ఇంగ్లీషులో చెప్తానన్నాను.

ముందు ఒకటి రెండు ఏవో అడిగాడు. అవి వదిలేయండి. తర్వాత దుప్పట్లక్క గురించి అడిగాడు, "వాట్ డిడ్ షి డూ?" అని. అది నాకు అర్థమైంది! ఏం చేసింది? కప్పింది. ఉత్తినే కప్పడమా? కాదు, మెడ దాకా, అంచులు దోపి, పూర్తిగా. కప్పేసింది. కవర్‌కి అప్ తగిలించాను. మీ లెక్క ప్రకారమే!

"షి కవర్ అప్, సార్" అన్నాను.

ఆయన నవలడం ఆపాడు. "కవర్ అప్?" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. "ఎస్ సార్, ఎవ్రీథింగ్ కవర్ అప్" అన్నాను. కాలి వేలు కూడా కనబడకుండా అని నా ఉద్దేశం. "ఎవ్రీథింగ్?" అన్నాడు. "ఎస్ సార్, వెరీ నీట్" అన్నాను.

ఎవరు చెయ్యమన్నారని అడిగాడు. "నోబడీ సార్. షి ఆల్వేస్ కవర్ అప్" అన్నాను. అంటే ఇంతకు ముందు కూడానా అన్నాడు. "ఎస్ సార్, టెన్ ఇయర్స్! గుడ్ హ్యాబిట్, సార్!" అన్నాను.

గుడ్ హ్యాబిట్!

మీ చెయ్యి ఎందుకు దుప్పటిని అలా పిండేస్తోంది? ఆఁ, మీకు అర్థమైపోయింది. మీకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది! ఆ గదిలో మీరొక్కరు ఉండి, ఒక్క మాట అనగలిగి ఉంటే...

మేనేజరమ్మ బిళ్ళ ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకి మార్చుకుని, "ఇంత మంచి ఇంగ్లీషు ఎప్పుడు నేర్చుకున్నావ్?" అంది. బయటికి వస్తుంటే భుజం కూడా తట్టింది. నేను నేల మీద నడిస్తే ఒట్టు.

ఇంటికి వెళ్ళాను. మా అమ్మాయి పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. కాలేజీ పిల్ల, దానికి అమ్మంటే కాస్త చిన్నచూపు, పైకి చెప్పదు గానీ. ఇవాళ దానికి చూపిద్దామనుకుని చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాను. "ఇవాళ ఆఫీసరుతో ఇంగ్లీషులో మాట్లాడానే!"

"నువ్వా? ఏం మాట్లాడావ్? థాంక్యూ సారా?" అంది.

నేను ఆయన అడిగినట్టు అడిగి, నేను చెప్పినట్టు చెప్పి, మొత్తం ఆడి చూపించాను. అది కత్తి పక్కన పెట్టేసింది. ఉల్లిపాయ ఘాటుకి కళ్ళెమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అమ్మా, మళ్ళీ అను. ఏమన్నావ్?"

"షి కవర్ అప్."

"అంటే ఏంటనుకుంటున్నావ్?"

"కప్పేసింది అని. ఇంకేంటి?"

"కప్పేసింది కాదమ్మా! కప్పిపుచ్చింది! తప్పు జరిగితే బయటికి రాకుండా దాచిపెట్టడం. పేపర్లలో రాస్తారు చూడు, నేరాలు చేసినవాళ్ళ గురించి. అదీ!"

నేను గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయాను. చెప్పులతోనే.

కప్పింది, కప్పేసింది, కప్పిపుచ్చింది. మన భాషలో కూడా ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయండీ ఇవి, ఒక్క తల్లి పిల్లల్లా! కప్పితే పుణ్యం. దానికి పుచ్చు చేరిందా, ఇక పురుగులే. ఆ పుచ్చు ఎప్పుడు చేరుతుందో, ఎటునుంచి చేరుతుందో కంటికి కనబడదు. వంకాయ తరిగితేగానీ తెలుస్తుందా లోపల ఏముందో?

పోనీ, రేపొద్దున్నే వెళ్ళి తప్పు చెప్పానని చెప్పు అంది మా అమ్మాయి. "చెప్తాను" అన్నాను.

చెప్పానా?

వీపుకి పౌడరు అద్దుతాను. దగ్గొస్తే ఆపుకోకండి.

మర్నాడు వెళ్ళాను. దుప్పట్లక్కని పనిలోంచి ఆపేశారప్పటికే. మేనేజరమ్మ నన్ను పిలిచి ఒక నీలం బ్యాడ్జీ చూపించింది, ఆయాలందరి మీదా పెద్దదని దుప్పట్లక్క గుండె మీద ఉండేదే, వెనక సూది కూడా వంకరపోయింది. "సంతకాలయ్యాక ఇది నీది, ఇంగ్లీషు వచ్చినవాళ్ళే ఉండాలి పైన" అంది. పుదీనా వాసన మొహం మీద కొట్టింది. అప్పట్నుంచి ఆ వాసనంటే నాకు కంపరం.

అప్పుడు చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను కూడా. "ఏమిటి?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను.

నన్నందరూ సిగ్గరి అంటారు. పాపం, నోట్లో నాలుక లేదు, నలుగురిలో మాట్లాడలేదు అంటారు. మా ఆయన అంటాడు, మా ఆడపడుచు అంటుంది, మీరూ అన్నారు ఒకసారి. నేనూ అదే అనుకునేదాన్ని. సిగ్గు కాదండీ అది. సుఖం. మాట్లాడకపోతే ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలీదు. అంతా దానంతటదే జరిగిపోతుంది. మన చేతికి మురికంటదు. పైగా పాపం అని జాలి కూడా పడతారు.

థూ నా మొహం.

నిన్న డ్యూటీ దిగి వెళ్తుంటే గేటు దగ్గర బెంచీ మీద కూర్చునుంది దుప్పట్లక్క. రోజూ వచ్చి కూర్చుంటోంది, ఇంట్లో కాలు నిలవదట. భుజం మీద దుప్పటి లేకపోతే ఆవిడ సగమే ఉన్నట్టుంది. నన్ను చూసి లేచింది. "టీచరమ్మ ఎలా ఉంది? పాదాలు కప్పుతున్నారా?" అని అడిగింది ముందు. తన సంగతి కాదు, మీ పాదాల సంగతి!

కప్పుతున్నాం అక్కా అన్నాను.

"నా గురించి నిన్ను పిలిచారట కదే? ఏం చెప్పావ్?" అంది. కోపంగా కాదు. ఊరికే.

నేనేమన్నానో తెలుసా? "నువ్వు కప్పావని చెప్పాను అక్కా" అన్నాను.

చూశారా? ఒక్క అక్షరం అబద్ధం లేదు అందులో. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు ఎంత మెత్తగా వచ్చిందంటే, ఎవరో నాలోపల కూర్చుని మాట్లాడినట్టుంది. "అంతే కదా! మరి ఎందుకిలా చేస్తున్నారో" అని ఆవిడ మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. నేను నాలుగడుగులు వేసి సందు మలుపులో కాలవ దగ్గర వాంతి చేసుకున్నాను. నిజంగానే, టీచరమ్మగారూ. మీ ఈట్ అప్ పైకొచ్చేసింది.

చేయి తీయండి, చొక్కా గుండీలు పెట్టనివ్వండి. ఎందుకలా నా మణికట్టు పట్టుకుంటారు? చెప్తున్నాను కదా. మొత్తం చెప్తున్నాను.

మొత్తం చెప్పలేదు.

ముందు ఏవో ఒకటి రెండు అడిగాడు, వదిలేయండి అన్నాను చూడండి? అక్కడుంది అసలు సంగతి. మీకు తెలుసు. ఈ హోమ్‌లో ఇంకెవరికైనా తెలుసంటే దుప్పట్లక్కకి తెలుసు.

ఆ రోజు పాఠానికి ఈ మంచం అంచున కూర్చోవాలని కమ్మీ దించింది నేను. గంట కొట్టగానే పుస్తకం సర్దుకుని లేచింది నేను. ఎత్తలేదు. తినేయ్, తుడిచేయ్ అనుకుంటూ వెళ్ళిపోయాను. మీరు ఆ పక్కకి దొర్లారు.

దుప్పట్లక్క వచ్చేసరికి కమ్మీ కిందకే ఉంది. తను చూసింది. మీరు పడిన మర్నాడు డ్యూటీ మారే వేళ కుళాయి దగ్గర పక్కన నిలబడి, చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అంది: "కమ్మీ సంగతి నన్నడిగారే. గుర్తులేదన్నాను. నువ్వూ నోరెత్తకు. మనిషన్నాక మర్చిపోతారు." అంతే. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

అంటే ఏం చేసిందండీ ఆవిడ? కవర్ అప్. నిజంగానే! మిమ్మల్ని దుప్పటితో కప్పింది, నా తప్పుని తన నోటితో కప్పింది. ఆ మాటకున్న తేలు తోక కూడా నిజమే అయింది. తెలీక అన్నాననుకున్న మాటే పెద్ద నిజమైపోయింది. నన్ను కాయడానికి చేసింది ఆవిడ ఆ పని, నేను వెళ్ళి ఆ గదిలో గుడ్ హ్యాబిట్ సార్ అని చెప్పొచ్చాను!

ఇక టై ఆయన మొట్టమొదట అడిగింది. "వెన్ యూ లెఫ్ట్, రెయిల్ అప్ ఆర్ డౌన్?" అన్నాడు. రెయిల్ అంటే ఈ కమ్మీయే. ఇలా చేత్తో పైకి, కిందకి చూపించాడు కూడా, చిన్నపిల్లకి చూపించినట్టు.

"అప్, సార్" అన్నాను.

ఆ రోజు అప్ అని చాలాసార్లు అన్నాను, టీచరమ్మగారూ. మిగతావన్నీ తెలీక అన్నవి. వాటి గురించి ఎంతసేపైనా ఏడుస్తాను, ఎవరికైనా చెప్పుకుంటాను, భాషని తిడతాను, మిమ్మల్ని తిడతాను. కానీ మొదటి అప్‌కి ఏ తోకా లేదు. పైకి అంటే పైకే. అది నాకు మొదటి రోజు పాఠంలోనే వచ్చు. తెలిసే అన్నాను.

అందుకే నాకీ రోత. ఇంగ్లీషు మీద కాదు.

అలా చూడకండి. ఏడవట్లేదు నేను. నీళ్ళు చల్లారిపోయాయి, అంతే. ఇక అయిపోయింది, ఒళ్ళు తుడిచేశాను. క్లీన్ అప్.

ఏం చెప్పాలో మా అమ్మాయిని అడగలేదు. అడిగితే తల్లి మొహం ఎలా చూస్తుంది అది? నేనే కూర్చుకున్నాను నోటుపుస్తకంలో, ఉన్న మాటలతోనే. వినండి, తప్పుంటే చెయ్యెత్తండి. "ఐ లెఫ్ట్ ది రెయిల్ డౌన్."

మళ్ళీ అంటాను. "ఐ లెఫ్ట్ ది రెయిల్ డౌన్, సార్. నాట్ హర్. ఐ."

చెయ్యెత్తలేదు. అంటే సరిగ్గానే ఉందన్నమాట. ఈ డౌన్‌కి తిరకాసేం లేదు కదా? కిందకి అంటే కిందకే కదా? ఎంత నికార్సైన మాట దొరికిందండీ చివరికి!

ఉద్యోగం పోతుంది. జాబితాలో ఆవిడ పేరు బదులు నా పేరు ఎక్కుతుంది. మీ చెల్లెలుగారు నా మొహాన ఉమ్మినా ఉమ్ముతారు. ఉమ్మనివ్వండి, తుడుచుకోవడం నాకు కొత్తా?

అయినా చెప్తానని ఒట్టు మాత్రం వెయ్యను. ఆ గుమ్మం దగ్గర పుదీనా వాసన తగలగానే మళ్ళీ ఏం లేదమ్మా అంటానేమో, ఎవరికి తెలుసు? నన్ను నేను నమ్మి ఐదు రోజులైంది.

పదకొండుకి పది నిమిషాలుంది. కప్పేసి వెళ్తాను.

మళ్ళీ లాగేశారా!

సరే. కప్పను. ఇక కప్పనులెండి. దుప్పటి మీ ఇష్టం, చెయ్యందే చోటే పెడుతున్నాను, చలేస్తే మీరే లాక్కోండి. కమ్మీ మాత్రం ఎత్తే వెళ్తాను. చూడండి, పైకి. టక్! విన్నారు కదా? ఇంకోసారి లాగి చూపిస్తాను. కదలదు. ఎవరైనా అడిగితే చెప్పండి, ఇవాళ ఎత్తిందని...

ఛీ, మిమ్మల్నెవరు అడుగుతారు? నన్నే అడుగుతారు.